సోలెడు చిక్కుడు గింజలు

తలుపు రోజుకి ఇంకా 160 రోజులు

మొక్క పెట్టిన ప్రతివాళ్ళూ ఏం జరుగుతోందో పలక మీద రాసి ఉంచాలని గింజల గది బెహరా గారు హుకుం వేశారు. ఏం రాయాలి బాబూ అని అడిగితే "జరిగింది రాయమ్మా, చాలు" అన్నారు. నాకు మొదలుపెట్టడం కష్టం కాదు, ఆపడమే కష్టం. కొట్లో బేరాలు లేనప్పుడు కూర్చుని టకటకా కొట్టేస్తాను. తప్పులుంటే సర్దుకోండి. అయినా ఇది ఎవరు చదువుతారు? కొట్టింది కొట్టినట్టే వెళ్ళి ఆయన పెట్టెలో పడుంటుంది.

నా పేరు సింహాచలం. మూడో సొరంగం మలుపులో కుండీలు, మేక ఎరువు, పురికొస, మొక్కలకి ఎండ బదులు వెలిగే పాదు దీపాలు అమ్మేది నేనే. ఏ ఇంటి పెరటి గదిలో ఏ మొక్క ఎంత ఎదిగిందో ఆ ఇంటివాళ్ళకన్నా నాకే బాగా తెలుసు. తమాషా ఏమిటంటే, ఇన్నేళ్ళుగా ఊరందరి మొక్కలకీ కుండీలు అమ్మాను గానీ నాకంటూ ఒక మొక్క లేదు. బయట జానెడు మడీ లేదు.

ఈ గ్రహం మీద చలికాలం మూడేళ్ళు. మూడేళ్ళూ పెద్ద తలుపు వేసుకుని కొండ లోపలే ఉంటాం. తలుపు తీసిన రోజున, సొంతంగా పండించిన గింజలు సోలెడు కొలిచి చూపిస్తేనే బయట మడి రాసిస్తారు. ఒక్కో మడికి ఒక్కో పంట. టమాటా, మిరప, బెండ, గోంగూర ఎప్పుడో ఎవరి ఇంటివి వాళ్ళవి అయిపోయాయి. మిగిలింది దక్షిణం గోడ వార మడి ఒక్కటే. అది చిక్కుడు మడి. అది మరిడయ్య మావది. ఈ చలికాలం మొదట్లో ఆయన పోయాడు. ఆయన భార్య తవిటమ్మత్త దగ్గర పదకొండంటే పదకొండు గింజలు మిగిలాయి. ఊరి మొత్తానికి అవే ఆఖరి చిక్కుడు గింజలు. ముగ్గురు అడిగితే ముగ్గురికీ లేదు పొమ్మంది. పది రోజుల కింద తనే కొట్టుకొచ్చి, కొంగు ముడి విప్పింది.

"నాకెందుకత్తా ఇస్తన్నావు?" అన్నాను.

"నువ్వు ఎరువు కొలిసినప్పుడు సోల కుదిపి పోస్తావే. కుదపకుండా పోసీసినోళ్ళని నాను సానామందిని సూసినాను. తీసుకో. కానొకటి, తలుపు రోజుకి నాకు పచ్చి కాయలతో రథం కట్టియ్యాల. మా ముసిలోడు తలుపు తీసినప్పుడల్లా కట్టీవోడు."

సూర్యుడు కొండ దాటి మళ్ళీ కనబడే రోజు కదా, ఆ రోజు చిక్కుడుకాయలకి పుల్లలు గుచ్చి చిన్న రథం కట్టి, చిక్కుడాకులో పరమాన్నం పెట్టడం మా పెద్దవాళ్ళు పాత భూమి నుంచి తెచ్చుకున్న ఆనవాయితీ. సరేనని చేతిలో చెయ్యి వేశాను.

పదకొండూ నానబెట్టాను. నాలుగు మొలిచాయి. ఒకటి అత్త అడిగి తీసుకెళ్ళింది, వంటింట్లో పెట్టుకుంటానని. మూడు నా దగ్గర.

ఇంకా 143 రోజులు

ఇవాళ మా ఆయన గౌరీశు పందిరి వేశాడు. ఆయన పని వేడినీళ్ళ గొట్టాలు బాగుచెయ్యడం. ఇంట్లో పాత గొట్టం ముక్కలకి కరువు లేదు. రెండు గంటలు దడదడ కొట్టి, చివరికి వెనక్కి జరిగి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఎలగున్నాది?"

"పందిరి బావుంది గానీ తలుపుకడ్డంగా కట్టీసినావు. నాను గదిలోంచి బయటికెలగ రావాల?"

కాసేపు ఆలోచించాడు. "వొంగుని రా" అన్నాడు.

వంగే వస్తున్నాను. మూడు పాదులూ బారెడెత్తు ఎక్కేశాయి. ఆకు చూస్తే నా అరచెయ్యంత. కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళనీ లోపలికి పిలిచి చూపిస్తున్నాను. రెండు బేరాలు పోయినా పర్లేదు.

ఇంకా 118 రోజులు

పువ్వు లేదు. ఆకు, ఆకు, ఆకు. మొగ్గన్నది కంటికి కనబడదు. మిరప మొక్కలామె చూసి "ఆకుకూరల కొట్టెట్టినావేటి సింహాచలం?" అని నవ్వి పోయింది. నేనూ నవ్వాను. ఆవిడ వెళ్ళాక నవ్వలేదు.

బెహరా గారిని అడిగాను. ఆయన పెద్ద పుస్తకం తీసి వేలితో చూపించారు. "చిక్కుడు. నీరు మితంగా, వెలుగు పుష్కలంగా" అని ఉంది.

వెలుగు చాలడం లేదన్నమాట. కొట్లోంచి ఇంకో దీపం తెచ్చి రెండో పక్కన తగిలించాను.

ఇంకా 104 రోజులు

మూడో దీపం కూడా పెట్టాను. గదిలోకి వెళ్తే కళ్ళు చెమ్మగిలుతున్నాయి, అంత వెలుగు. పాదులు పందిరంతా కప్పేసి గోడ మీదికి పాకుతున్నాయి. పువ్వు మాత్రం లేదు. అత్త ఇంట్లో ఉన్నదీ అంతేనట.

మేకల వాళ్ళు గోడ మడి మాకిచ్చేయండి, దొడ్డి కట్టుకుంటాం అని సభలో అడిగారు. బెహరా గారు నాకు గడువు పెట్టారు. తలుపు రోజు ఇంకా డెబ్బై రోజులుందనగా పువ్వు చూపించకపోతే ఆ మడి మేకలకి. "నాకూ ఇష్టం లేదమ్మా, కానీ గోడ వార నేల ఊరికే ఉంచలేం కదా" అన్నారు.

మడి పోతే పోయింది, ఇంకో చలికాలం ఆగుతాను అనుకుందామా? ఆగితే చిక్కుడు ఎక్కడుంది? ఈ నాలుగు పాదులు గింజ పెట్టకుండా ఎండిపోతే ఇక ఈ గ్రహం మీద చిక్కుడన్నదే ఉండదు. కూర ఉండదు, రథం ఉండదు. కుదిపి కొలుస్తానని నమ్మి ఇచ్చింది ఆ ముసలమ్మ. అన్నం సయించడం లేదు.

ఇంకా 98 రోజులు

నిజం ఒప్పేసుకుందామని పొద్దున్నే అత్త ఇంటికి వెళ్ళాను. నా వల్ల కావడం లేదని చెప్పడానికి. తీరా వెళ్ళి, మావ సంగతి ఎత్తాను.

"మావ ఏటి సేసీవోడత్తా? ఎరువేటైనా వేరేదా?"

"ఏటి ఎరువే! మేకల కొట్టంలో ఓ మూల నాటీసి వొగ్గీసీవోడు. ఆడికి మొక్క మీద సెద్దేటుందీ. మేకలు తినీస్తాయని నానే గోల పెడితే, సాయంత్రం గంట కొట్టగానే, మేకలు లోపలికొచ్చీలోగా ఆ మూలకి గోనెపట్టా దించీసీవోడు. పొద్దున్న అవి బయటికెళ్తే ఎత్తీసీవోడు. దించడం, ఎత్తడం, అదే ఆడి యవసాయం."

"గోనెపట్టా అంటే సన్నందా?"

"మూడు పొరలే! దొంగ మేకలవి. సన్నందాన్లోంచి మూతి దూర్సీస్తాయి."

"మరి దీపం?"

"దీపం దీపంలాగే ఎలుగుతాది ఇవతల. దీపాన్నెవుడు ముట్టుకుంతాడే?"

చేతిలో టీ చల్లారిపోయింది.

ఇది చదివేవాళ్ళు ఎవరైనా కొత్తవాళ్ళుంటే చెప్పాలి. మా ఊళ్ళో పాదు దీపం ఎవరూ ఆపరు. మొట్టమొదటి చలికాలంలో ఎవరో కరెంటు మిగులుతుందని రెండు సొరంగాల దీపాలు ఆపేశారట. మళ్ళీ వెలిగించబోతే వెలగలేదు, చలికి మొక్కలన్నీ మాడిపోయాయట, ఆ ఏడు సగం మంది పస్తులున్నారట. అప్పట్నించీ చలికాలం మొదటి రోజున పసుపు కుంకుమ పెట్టి దీపం వెలిగిస్తాం, తలుపు రోజునే కొండెక్కిస్తాం. మధ్యలో ఆపడం మాట దేవుడెరుగు, ఆ ముక్క నోటితో అనం కూడా. మేం పడుకునేటప్పుడు మాత్రం తెర వేసుకుని పడుకుంటాం.

మేం తెర వేసుకుంటాం. చిక్కుడు పాదుకి ఎవరు వేశారు? మరిడయ్య మావ వేశాడు, మేకల కోసం. నేనేమో మూడు దీపాలు పెట్టి, రెండు నెలలుగా దానికి కునుకన్నదే లేకుండా చేశాను.

ఇంకా 97 రోజులు

సాయంత్రం గంట కొట్టగానే కప్పేశాను. మూడు పొరల గోనెపట్టా, పందిరి చుట్టూ, కింద రాళ్ళు పెట్టి. దీపాలు ముట్టుకోలేదు. ఎదురుగా గోడకి వెలుగుతూనే ఉన్నాయి. అత్త కూడా తన పాదు మీద పాత దుప్పటి రెండు మడతలు వేసింది.

గౌరీశు పనిలోంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఓలమ్మో! ఏటే ఇది? మనిషి పోతే కప్పినట్టు కప్పీసినావు!"

"నిద్దరోతంది. గట్టిగా మాటాడకు."

"మొక్కేటి, నిద్దరోడమేటి? దానికి గాలాడదే!"

"నువ్వు ముసుగెట్టుకుని గుర్రెట్టినప్పుడు నీకు గాలాడతన్నాది కదా."

అన్నం తింటున్నంతసేపూ అటే చూశాడు, ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చినట్టు.

ఇంకా 93 రోజులు

బెహరా గారు కొట్టుకి వచ్చారు. కుండీ కోసం కాదు.

"నువ్వు రాసింది చదివానమ్మా" అన్నారు.

చేతిలో సోల కింద పెట్టేశాను. "రోజూ సదువుతారా బాబూ?"

"రోజూ పొద్దున్న, టీ తాగుతూ. అందరివీ రెండు ముక్కలుంటాయి, నీళ్ళు పోశాం, ఆకు వచ్చింది అని. నీది చదువుతుంటే టీ రెండు కప్పులు అవుతోంది." తర్వాత మొహం గట్టిగా పెట్టారు. "పాదు దీపం విషయంలో నియమం ఉంది, తెలుసు కదా?"

"దీపం ఎలుగుతున్నాది బాబూ. సూడండి. మూడెలుగుతున్నాయి. నియమానికి ఒకటే సాలు."

"వెలుగుతోంది సరే. మొక్క మీద పడటం లేదు."

"దీపం ఆపకూడదని రాసినారు. మొక్కకి దుప్పటి కప్పకూడదని రాసినారేటి? నాకైతే కనబడలేదు."

ఆయన నియమాల కాగితం తెప్పించి మొత్తం చదివారు. రెండుసార్లు చదివారు. వెనక్కి తిప్పి కూడా చూశారు. "రాయలేదు" అన్నారు చివరికి, కొంచెం నవ్వుతూ. "డెబ్బయ్యో రోజు గడువు మాత్రం మారదు."

వెళ్ళేటప్పుడు ఒక గోనెపట్టా తీసి వెలుగుకి పెట్టి చూసి, "మూడు పొరలు మంచిదే" అన్నారు.

ఇంకా 82 రోజులు

వీధిలో మాట పాకిపోయింది. సింహాచలానికి మతి చలించిందట, బతికున్న మొక్కకి ముసుగేసిందట. ఒకావిడ పసుపు కొమ్ము తెచ్చి గుమ్మానికి కట్టి పోయింది, నాకు చెప్పకుండానే.

అది సరే. అసలు సంగతి ఇది. ఇవాళ కొట్టు ముందుగా కట్టేసి లోపలికి వెళ్ళేసరికి గౌరీశు గోనెపట్టా ఒక మూల ఎత్తి పట్టుకుని, పాదుతో మాట్లాడుతున్నాడు.

"ఇంకొంచెంసేపే. అదొచ్చీలోపు ఎలుగు సూసీసుకో."

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"మొదట్నించీ" అన్నాడు, తప్పు చేసిన చూపుతో. "సాయంత్రం గంటసేపు, నువ్వు కొట్లో ఉన్నప్పుడు. పాపం కదా అని."

పదిహేను రోజులు! పదిహేను రోజులుగా నేను చీకటి చేస్తున్నాననుకుంటున్నాను, ఈయన దాన్ని సగం నిద్రలో లేపి దీపం చూపిస్తున్నాడు. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆయన మొహం చూస్తే నవ్వూ వచ్చింది. జాలిపడి పాడు చేశాడు. నేనూ మూడు దీపాలు పెట్టింది జాలిపడే కదా. ఎవరిని తిట్టను?

"నిన్ను నిద్దట్లో రోజూ ఓసారి లేపి మొహం మీద దీపమెడితే ఎలగుంటాది?" అన్నాను.

ఆలోచించాడు. ఆలోచించినప్పుడు మా ఆయన మంచివాడు. "సచ్చినా పడుకోలేను" అన్నాడు.

ఇక కాపలా ఆయనదే. రేపట్నించీ సాయంత్రం గంట మోగకముందే వచ్చి నిలబడతాడట. అప్పుడే నన్ను కూడా పక్కకి తొంగి చూడనివ్వడం లేదు. "ఎల్లు, ఎల్లు, ఇది పడుకునీ ఏళ" అంటున్నాడు.

ఇంకా 73 రోజులు

మాది ఇంకా ఏమీ లేదు. ఇంకా మూడు రోజులే గడువు. పొద్దున్న కొట్టు తెరవబుద్ధి కాలేదు. ఎరువు కొలుస్తుంటే మలుపు దగ్గర కేకలు వినబడ్డాయి.

"ఒలే సింహాచలం! ఒలే! రాయే, నాకు కళ్ళు సరిగ్గా ఆనవు, నువ్వు సూడు!"

తవిటమ్మత్త. కుండీ చంకన పెట్టుకుని సొరంగం ఈ చివర నుంచి ఆ చివరికి వచ్చేసింది, తీగ వెనకాల తోకలా వేలాడుతోంది. ఆకుల సందులో నిటారుగా ఒక పుల్ల, పుల్ల నిండా గుత్తులుగా గోధుమగింజంత ఊదారంగు మొగ్గలు.

అత్త ఒక్కతే ఉంటుంది కదా. ఆవిడ ఇంట్లో జాలిపడి దుప్పటి ఎత్తేవాళ్ళు ఎవరూ లేరు.

ఎరువు సోల అక్కడే వదిలేసి, ఇద్దరం కుండీ పట్టుకుని గింజల గదికి పరిగెత్తాం. ఆవిడకి మోకాళ్ళ నొప్పులున్న సంగతి ఆవిడకే గుర్తులేదు. బెహరా గారు భూతద్దం పెట్టి చూశారు. ఎంతసేపు చూశారో!

"ఇది మొగ్గే" అన్నారు.

"మొగ్గ కాకపోతే ముక్కుపుడకేటి బాబూ!" అంది అత్త.

ఆయన పెద్ద పుస్తకం తీశారు. 'వెలుగు పుష్కలంగా' అన్న చోట కలం పెట్టి ఆగారు. "రాత్రి ఊరికే దొరికిన చోట రాశారమ్మా ఈ పుస్తకం. రోజూ పొద్దుగుంకేచోట, రాత్రి కావాలని ఎవరు రాస్తారు?" అన్నారు. పక్కన సన్నటి అక్షరాలతో రాశారు: 'రాత్రి కూడా కావాలి.' దాని కింద నా పేరు, అత్త పేరు, ఇంకా మరిడయ్య మావ పేరు రాశారు. అత్త ఆ ఆఖరి పేరు మీద వేలు పెట్టి, "ఆడికి అక్షరం ముక్క రాదు. పొస్తకంలోకెక్కీసినాడు" అంది. కళ్ళు తుడుచుకుంది.

ఎవరి పాదుదైనా మొగ్గ పువ్వు కిందే లెక్క అన్నారు బెహరా గారు, మడి మేకలకి పోలేదు. సోలెడు గింజలు చూపించాల్సింది మాత్రం ఇంకా ఉంది.

ఇంకా 60 రోజులు

పూసింది. మాది! మూడు పాదులూ! గౌరీశు పొద్దున్న పట్టా ఎత్తి, వచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. పందిరంతా ఊదారంగు. సన్నటి వాసన కూడా ఉంది, దగ్గరికెళ్తేనే తెలుస్తుంది. ఐదేళ్ళ లోపు పిల్లల్లో చిక్కుడు పువ్వు చూసినవాళ్ళు లేరు కదా, వీధి వీధంతా వచ్చి వరస కట్టింది. పసుపు కొమ్ము కట్టిపోయినావిడ వచ్చి, అది తనే కట్టానని అందరికీ చెప్పుకుంటోంది. చెప్పుకోనీ.

మిరప ఆమె కూడా వచ్చింది. చాలాసేపు చూసి, "గోనెపట్టాలున్నాయేటి కొట్లో?" అని అడిగింది.

"మిరపకి అక్కర్లేదమ్మా."

"నా కోసం కాదులే, మా ఆడపడుచు కోసం" అని రెండు పట్టుకుపోయింది.

ఇంకా 31 రోజులు

కాయలు కత్తుల్లా వేలాడుతున్నాయి. ఇక్కడ నాకు అసలు పరీక్ష మొదలైంది. లేత చిక్కుడుకాయ చూస్తే ఎవరికైనా కూర గుర్తొస్తుంది.

"ఒక్క పూట" అన్నాడు గౌరీశు. "కొంచెం కారం ఏసి. ఒక్కటంటే ఒక్క పూట."

"గింజకి కావాల."

"మూడేళ్ళయినాదే తిని."

"నాకూ మూడేళ్ళే అయినాది."

ఇద్దరం పందిరి కింద కూర్చుని కాయల్ని చూస్తూ పచ్చడన్నం తిన్నాం. ఆయన అన్నం కలుపుకుంటూ పైకి చూసి ముద్ద నోట్లో పెట్టుకుంటున్నాడు. ఎంత రుచిగా తిన్నాడో!

ఇంకా 5 రోజులు

ఎండిన కాయలన్నీ ఒలిచాను. పచ్చివి తొమ్మిది ఆఖరి గుత్తిలో ఉంచాను, రథం కోసం.

కొలిచాను. ఇన్నేళ్ళుగా వాడుతున్న నా కొట్టు సోలతోనే. కుదిపి పోశాను. రెండు వేళ్ళు తక్కువైంది.

మళ్ళీ కొలిచాను. రెండు వేళ్ళే తక్కువ. ఆ పదిహేను రోజులు అన్నమాట. మాది ఆలస్యంగా పూసింది, చివర గుత్తులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

కొలత నా వృత్తి. కుదపకుండా, పై నుంచి సన్నగా జారవిడిస్తే గింజకి గింజకి మధ్య ఖాళీ ఉంటుంది. అవే గింజలతో సోల నిండుగా కనబడుతుంది. ఎవరికీ తెలీదు. ఒక్కసారి పోసి చూశాను కూడా. నిండింది. అంచు దాకా నిండింది. చూసి మళ్ళీ గుమ్మరించేశాను. అత్త పదకొండు గింజలూ నాకే ఎందుకిచ్చిందో గుర్తొచ్చింది.

బెహరా గారూ, మీరు ఇది చదువుతున్నారని తెలుసు. తెలిసే రాస్తున్నాను. రెండు వేళ్ళు తక్కువ.

తలుపు రోజు

సాయంత్రం బయట కూర్చుని రాస్తున్నాను. బయట! పలక మీద నిజం ఎండ పడి అక్షరాలు కనబడటం లేదు, చెయ్యి అడ్డం పెట్టుకుని రాస్తున్నాను.

పొద్దున్న ఇంటింటా పాదు దీపం కొండెక్కించి, దణ్ణం పెట్టుకుని, అందరం పెద్ద తలుపు దగ్గరికి చేరాం. తలుపు ఇంకా తీయలేదు. ముందు కొలతలు. టమాటా వాళ్ళు, మిరప వాళ్ళు, ఒక్కొక్కరే వచ్చి సోల చూపించి మడి రాయించుకుని పోతున్నారు. నా వంతు ఆఖరిది. మేకల వాళ్ళు ముందు వరసలో నిలబడి మెడలు సాచి చూస్తున్నారు.

బెహరా గారు సోల నా చేతికే ఇచ్చారు. "నువ్వే పొయ్యమ్మా."

పోశాను. సగం పోసి కుదిపాను. మళ్ళీ పోసి మళ్ళీ కుదిపాను. మిరప ఆమె వెనక నుంచి, "కుదపకే పిచ్చిదానా!" అని అరిచేసింది. గుంపులో నవ్వులు. నా చెయ్యి ఆగలేదు. చివరి గింజ పడింది. రెండు వేళ్ళు తక్కువ.

గౌరీశు తల దించుకున్నాడు. ఆ తక్కువ ఎవరి వల్లో ఆయనకి తెలుసు.

అప్పుడు గుంపు పక్కకి జరిగింది. తవిటమ్మత్త. ఒక చేతిలో నేను పొద్దున్నే కట్టిచ్చిన తొమ్మిది కాయల రథం, రెండో చేత్తో కొంగు ముడి పట్టుకుని.

"పట్టండి, పట్టండి, సెయ్యి లాగుతున్నాది" అని వచ్చి, సోల మీద ముడి విప్పింది. జలజలా పడ్డాయి. నల్లగా, నున్నగా, ఒక్కో గింజకీ తెల్లటి అంచు. రెండు వేళ్ళ ఖాళీ నిండింది. అంచు దాటింది. శిఖరం కట్టింది. శిఖరం జారి గింజలు నేల మీద దొర్లాయి. అప్పటిదాకా కోపంగా చూస్తున్న మేకల వాళ్ళే వంగి ఏరి ఇచ్చారు.

"ఇది కుదరదమ్మా" అన్నారు బెహరా గారు మెల్లగా. "రెండిళ్ళ గింజలు ఒక సోలలో పోస్తే మడి ఎవరికి రాయను?"

"రెండిళ్ళకీ రాసీండి" అంది అత్త. "నాకు గోడెక్కి పందిరేసీ ఓపిక లేదు. దీనికేమో సోల నింపీ నేర్పు లేదు, ఊరికే కుదుపుతాది. ఇద్దరం కలిస్తే ఒక మనిషవుతాం."

గుంపంతా ఘొల్లుమంది. బెహరా గారు కాగితం తిప్పారు. వెనక వైపు కూడా చూశారు. నాకు తెలుసు ఏం అంటారో.

"రాయలేదు" అన్నారు. "రెండు పేర్లు ఉండకూడదని ఎక్కడా రాయలేదు." కలం తీసి రాశారు. తవిటమ్మ. సింహాచలం. దక్షిణం గోడ మడి. చిక్కుడు.

గౌరీశు ఎగిరాడు. నిజంగానే ఎగిరాడు, ఈ వయసులో, కింద పడబోయి మిరప ఆమెని పట్టుకున్నాడు.

తలుపు తీశారు. ముందు చల్లటి గాలి, తర్వాత సన్నటి గీతలా వెలుగు, గీత పెద్దదై, పెద్దదై, అందరం కళ్ళు మూసుకున్నాం. పిల్లలు భయపడి ఏడ్చారు, తర్వాత వాళ్ళే అందరికన్నా ముందు పరిగెత్తారు. అత్త చిక్కుడుకాయల రథం గడప అవతల పెట్టి, పురికొసతో సూర్యుడి వైపు లాగింది. చక్రాలు వంకర. నేను కట్టినవి కదా. అయినా కదిలింది.

మధ్యాహ్నం గోడ వార నేల గుల్లచేసి, జానెడు జానెడు దూరంలో గింజలు పెట్టాం. ఒక్కో పాదుకీ రెండేసి. గౌరీశు గొట్టాలతో పందిరి మొదలుపెట్టేశాడు. ఈసారి దారికి అడ్డంగా కట్టలేదు, నేను పక్కనే నిలబడి చూశాను.

ఇంతవరకూ రాసేసరికి పొద్దుగుంకడం మొదలైంది. లోపల ఉన్నన్నాళ్ళూ గంట కొడితేనే సాయంత్రం. ఇక్కడ గంట లేదు, ఎండ తనంతట తనే గోడ మీంచి పైకి జారుతోంది. నా చెయ్యి అలవాటుగా గోనెపట్టా కోసం వెతికింది. తల తిప్పితే గౌరీశు అప్పటికే దాన్ని భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఏల తెచ్చినావు?" అన్నాను.

"ఏటో. పడుకునీ ఏళయినాది కదా అని."

అత్త మా ఇద్దర్నీ చూసి, కొండ వైపు చెయ్యి చూపించింది. అటు నుంచి చీకటి దిగుతోంది, ఎవరూ లాగకుండా, ఊరంతటి మీదికీ ఒకేసారి.

"ఇంకెందుకే ఆ పట్టా? దించీవోడు దించుతున్నాడు. కూకోండి, పరమాన్నం సల్లారిపోతన్నాది."

గోనెపట్టా నేల మీద పరిచాం. మూడు పొరలది, మెత్తగా ఉంది. చిక్కుడాకుల్లో వడ్డించుకుని ముగ్గురం దాని మీదే కూర్చున్నాం.